బ్రేకు వేయడం నేర్పే ఆట

గ్రాన్ టూరిస్మో అనే కారు పందెం ఆటలో మొదటి పరీక్ష కారు ఆపడం. అవును, ఆపడమే. బయల్దేరి, వేగం అందుకుని, ముందు గీసి ఉన్న గడిలో కారు నిలబెట్టాలి. గడి దాటితే తప్పినట్టే. పోనీ నెమ్మదిగా పోయి జాగ్రత్తగా ఆపుదామా అంటే టైము అయిపోతుంది. ఇదేం పెద్ద పని అని కూచున్నవాళ్ళు వరసగా పదిసార్లు తప్పడం నేను చూశాను. పందెం ఆటలో మొదటి పాఠం బ్రేకు కావడం విడ్డూరంగానే ఉంటుంది. కానీ ఈ ఆట మీద ఇంతమందికి మోజు ఎందుకో తెలియాలంటే అక్కడే మొదలుపెట్టాలి.

మన శాఖలో వీడియో గేముల మాటెత్తితే రెండు అభిప్రాయాలే వినిపిస్తాయి. ఒకటి, అది టైము దండగ. రెండు, అది మగపిల్లల వ్యవహారం. మొదటిదానికి నేను సగం ఒప్పుకుంటాను. పరీక్షల ముందైతే పూర్తిగా ఒప్పుకుంటాను. రెండోదానికి మాత్రం ఒప్పుకోను. ఈ వ్యాసం అందుకే.

కారు ఆటలన్నీ ఒకటి కావు. మన ఫోన్లలో ఎక్కువగా కనిపించే ఆస్ఫాల్ట్ లాంటి ఆటలో కారు గాల్లో గిరికీలు కొడుతుంది, పక్క కారును గుద్దితే మెచ్చుకోలు వస్తుంది, ఒక బొత్తాం నొక్కితే వెనక మంట లేచి వేగం రెట్టింపవుతుంది. బ్రేకు ఒకటుందని గుర్తుకు కూడా రాదు. సరదాగానే ఉంటుంది, కాదనను. తిరునాళ్ళలో రంగులరాట్నం ఎక్కినట్టు. దిగాక మాత్రం మనకు కొత్తగా వచ్చిందేమీ ఉండదు.

గ్రాన్ టూరిస్మో దారి వేరు. కజునోరి యమౌచి అనే జపాన్ ఆయన చిన్న బృందంతో ఐదేళ్ళు కష్టపడి దీన్ని తయారుచేశాడు. 1997 డిసెంబరులో జపాన్‌లో ప్లేస్టేషన్ కోసం విడుదలైంది. మొదటి ఆటే కోటికి పైగా ప్రతులు అమ్ముడుపోయింది. అప్పటి పందెం ఆటల్లో పది పదిహేను కార్లుంటే గొప్ప. ఇందులో నూట నలభై దాకా ఉన్నాయి. అంతకన్నా నన్ను ఆకట్టుకున్న సంగతి వేరే ఉంది. అవన్నీ సినిమా హీరోల కార్లు కావు. మాజ్డా డెమియో లాంటి, సంసారం చేసుకునేవాళ్ళు కూరగాయల సంచులు పెట్టుకుని తిరిగే చిన్న కార్లు కూడా ఉన్నాయి. ఆట మొదలుపెట్టినప్పుడు చేతిలో ఉండేది పదివేల క్రెడిట్లు. దాంతో ఏం వస్తుంది? సెకండ్ హ్యాండ్ కారు వస్తుంది. దానితో చిన్న పందెం గెలిచి, ఆ డబ్బుతో టైర్లు మార్చుకుని, ఇంకో పందెం గెలిచి, సైలెన్సర్ మార్చుకుని... మధ్యతరగతి ఇల్లు గడిచినట్టే గడుస్తుంది. 2022లో వచ్చిన ఏడో ఆటలోనూ ఈ పద్ధతి పోలేదు. అందులో మొదట తీసుకోగలిగే పాత కార్లలో హోండా ఫిట్ ఒకటి. మన దేశంలో జాజ్ అని అమ్మిన కారు అదే.

పందేల్లోకి వెళ్ళాలంటే లైసెన్సు కావాలి. ముందు బి, తర్వాత ఎ, ఆ తర్వాత అంతర్జాతీయం. ప్రతి పరీక్షకీ కంచు, వెండి, బంగారు పతకాలు. కంచు వస్తే గట్టెక్కినట్టు. ఒక్క మలుపు, ఒక్క బ్రేకు, ఒక్క కొండదారి, ఇలా ముక్కలు ముక్కలుగా నేర్పుతారు. కొన్ని పరీక్షల్లో వెండికీ బంగారానికీ మధ్య తేడా చాలా కొంచెమే. ఆ కొంచెం కోసం మనుషులు రాత్రి పన్నెండు దాకా కూచుంటారు. బయటనుంచి చూసేవాళ్ళకు పిచ్చిలా కనిపిస్తుంది. కానీ సంగీతం నేర్చుకున్న అమ్మాయిలు మన క్లాసులోనే నలుగురున్నారు, వాళ్ళనడగండి. ఒకే వర్ణాన్ని ఆరు నెలలు ఎందుకు పాడించారో, ఆ ఆరు నెలల్లో ఎప్పుడూ ఒకేలా ఎందుకు అనిపించలేదో వాళ్ళు చెబుతారు.

ఇంతకీ బ్రేకులో అంత చదువేముంది? ఉంది. కారుకు భూమితో ఉన్న సంబంధమంతా నాలుగు టైర్ల అడుగున, ఒక్కొక్కటి అరచేయి వెడల్పున ఉన్న చోటే. ఆ టైరుకున్న పట్టుకు ఒక హద్దుంది. ఆ పట్టునే బ్రేకుకూ, మలుపు తిరగడానికీ, వేగం అందుకోవడానికీ పంచుకోవాలి. నెల జీతం లాంటిది. అద్దెకే అంతా కట్టేస్తే బియ్యానికి మిగలదు. బ్రేకు గట్టిగా తొక్కుతూనే స్టీరింగు తిప్పితే టైరుకు రెండింటికీ సరిపడా పట్టు ఉండదు, కారు తిరగకుండా తిన్నగా పోయి ఇసుకలో పడుతుంది. కాబట్టి తిన్నగా ఉన్నప్పుడే వేగం తగ్గించాలి. బ్రేకు వేసినప్పుడు కారు బరువు ముందుకు ఒరుగుతుంది, ముందు టైర్లు రోడ్డును గట్టిగా పట్టుకుంటాయి. ఆ క్షణంలో బ్రేకును కొంచెం కొంచెంగా వదులుతూ, వదిలినంత మేరకే స్టీరింగు తిప్పాలి. అంటే జీతంలో అద్దె తగ్గినకొద్దీ బియ్యానికి పెరగడం. మలుపులోకి నెమ్మదిగా పోయినవాడే బయటికి వేగంగా వస్తాడు. వేగంగా దూరినవాడు వెడల్పుగా జారిపోయి, మళ్ళీ దారికొచ్చేసరికి మిగతావాళ్ళు వెళ్ళిపోయి ఉంటారు.

ఇంకో సంగతి. మలుపు లోపలి అంచును కారు తాకీ తాకనట్టు వెళ్ళాల్సిన చోటు ఒకటుంటుంది. బయటి అంచునుంచి మొదలై, ఆ చోటును ముట్టుకుని, మళ్ళీ బయటి అంచుకు చేరాలి. అడుగు ముందు ముట్టుకున్నా, అడుగు తర్వాత ముట్టుకున్నా ఆ తర్వాతి దారంతా చెడుతుంది. నాకిది చూసినప్పుడల్లా యతి గుర్తొస్తుంది. ఛందస్సు చెప్పే మేడమ్ నవ్వుకున్నా సరే. ఉత్పలమాలలో పదో అక్షరం, చంపకమాలలో పదకొండు, శార్దూలంలో పదమూడు, మత్తేభంలో పద్నాలుగు. అక్కడ మైత్రి కుదరాలి అంతే, పన్నెండో అక్షరం దగ్గర కుదిరింది కదా అంటే మార్కులు రావు. ఆ చోటు ముందే తెలిసి ఉంటే, దానికి ముందున్న మాటలన్నీ దానికోసం సర్దుకుంటూ వస్తాం. మొదట్లో అది సంకెలలా అనిపిస్తుంది. కొన్నాళ్ళకు ఆ చోటులో పడ్డప్పుడు కలిగే హాయి కోసమే పద్యం అల్లాలనిపిస్తుంది. ట్రాకు మీద కూడా సరిగ్గా అంతే.

ఈ ఆటల్లో దెయ్యం కారు అని ఒకటుంటుంది. మనం అంతకుముందు తిరిగిన చుట్టుల్లో అన్నిటికన్నా తక్కువ సమయంలో తిరిగిన చుట్టును గుర్తుపెట్టుకుని, ఆట దాన్ని పారదర్శకంగా ఒక నీడ కారులా మన ముందు నడిపిస్తుంది. ఇంకెవరూ ఉండరు. ఖాళీ ట్రాకు మీద మనమూ, నిన్నటి మనమూ. ఎక్కడ వెనకబడ్డామో, ఏ మలుపులో నిన్న మనం ఇంకాస్త ధైర్యంగా ఉన్నామో కళ్ళకు కడుతుంది. నాకు తెలిసినంతలో ఈ ఆటకు ఇంతమంది అంటుకుపోవడానికి అసలు కారణం వేగం కాదు, ఇదే. తప్పు చేసినా ఎవరూ తిట్టరు. ఎన్నిసార్లయినా మళ్ళీ మొదలుపెట్టొచ్చు. కానీ ఎవరూ ఊరికే మెచ్చుకోరు కూడా. సెకనులో వెయ్యో వంతు దాకా కొలిచే గడియారం ఒక్కటే జడ్జి.

ఆ గడియారం ఎవరు నడుపుతున్నారని అడగదు. నేను చెప్పదలచుకున్నది ఇక్కడుంది.

మన ఇళ్ళల్లో కారు తాళం ఎక్కడ తగిలిస్తారో అందరికీ తెలుసు. దాన్ని తీసుకునే చెయ్యి ఎవరిదో కూడా తెలుసు. తమ్ముడికి పద్దెనిమిది నిండగానే ఎల్ బోర్డు తగిలిస్తారు. అక్క అడిగితే, ‘నీకెందుకే, బస్సుంది కదా, అదీ ఫ్రీ’ అంటారు. (బస్సు ఫ్రీ కావడం మంచిదే, నేను రోజూ అదే ఎక్కుతున్నాను. కానీ అడిగిన ప్రశ్నకు అది జవాబు కాదు.) ఒకవేళ నేర్పినా పక్కన కూచున్న నాన్న, వెనక కూచున్న మామయ్య, ఎదురొచ్చిన ఆటో ఆయన, సిగ్నల్ దగ్గర బైకు మీదున్న కుర్రాడు, అందరూ పరీక్షాధికారులే. అబ్బాయి బండి ఆగిపోతే ‘క్లచ్ సరిగ్గా లేదేమో’ అంటారు. అమ్మాయి బండి ఆగిపోతే ‘లేడీస్ కదా’ అంటారు. ఇంతమంది చూస్తుండగా ఎవరూ నేర్చుకోలేరు. నేర్చుకోవడానికి ముందు తప్పు చేసే చోటు కావాలి. ఈ ఆట ఇచ్చేది ఆ చోటు.

మా పెద్దమ్మగారింట్లో అన్నయ్య దగ్గర ప్లేస్టేషన్ ఉంది. సెలవుల్లో వెళ్ళినప్పుడు, అన్నయ్య నిద్రపోయాక మేం ఆడపిల్లలం కూచునేవాళ్ళం. చూసి నవ్వేవాళ్ళు లేకపోతే బ్రేకు ఎంత తొందరగా వస్తుందో అప్పుడు తెలిసింది. అయితే ఆన్‌లైన్‌లో ఆడేటప్పుడు ఆ సుఖం ఉండదు. అమ్మాయి పేరు పెట్టుకోవాలా వద్దా అని అక్కడా ఆలోచించాల్సిందే. గడియారం అడగకపోయినా మనుషులు అడుగుతారు.

మోటారు పందేలకు ఉన్న గొప్ప గుణం ఒకటుంది. పరుగులో, టెన్నిస్‌లో ఉన్నట్టు ఆడవాళ్ళకు వేరే వరస, మగవాళ్ళకు వేరే వరస అని నియమం ఇందులో లేదు. 1981లో ఫ్రాన్సు దేశపు మిషెల్ మూటోన్ ఇటలీలో సాన్రెమో ర్యాలీ గెలిచింది. ప్రపంచ ర్యాలీ ఛాంపియన్‌షిప్‌లో ఒక పోటీ గెలిచిన మొదటి మహిళ ఆమె. మరుసటి ఏడాది మొత్తం ఛాంపియన్‌షిప్‌లో రెండో స్థానం. మన చెన్నైలో అలీషా అబ్దుల్లా బైకు పందేల్లోంచి కారు పందేల్లోకి వచ్చింది. నిజానికి మన ఊరికి ఇది కొత్త విద్య కాదు. నెల్లూరు రోడ్డులో రెడ్‌హిల్స్ దాటాక వచ్చే షోళవరంలో, యుద్ధకాలపు విమానాల రన్‌వే మీద ఏళ్ళ తరబడి పందేలు జరిగాయి. తర్వాత శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో అసలైన ట్రాకు వచ్చింది. ఫార్ములా వన్‌లో నడిపిన మొదటి భారతీయుడు నరైన్ కార్తికేయన్ కోయంబత్తూరువాడు. 2024 ఆగస్టు నెలాఖరున ఐలండ్ గ్రౌండ్స్ చుట్టూ రాత్రిపూట దీపాల వెలుగులో ఫార్ములా 4 కార్లు తిరిగాయి. మనం బస్సులో వెళ్ళే రోడ్డే అది.

ఇక ఈ ఆట చెప్పే అబద్ధాల సంగతి. నిజమైన నడకకు ఎంతో దగ్గరగా ఉంటుందని పేరు పడ్డ మొదటి గ్రాన్ టూరిస్మోలో కారు ఎంత గట్టిగా గుద్దినా సొట్ట కూడా పడదు. దీన్ని వాడుకుని కొందరు ఆటగాళ్ళు బ్రేకు వేయడం మానేసి, మలుపులో గోడకు ఆనించి కారును రాసుకుంటూ పోయేవాళ్ళు. గోడే వాళ్ళ బ్రేకు! ఎంతో కష్టపడి బ్రేకు నేర్పిన ఆట, చివరికి బ్రేకు వేయనివాణ్ణి గెలిపించింది. దెబ్బలు కనిపించడం ఈ సిరీస్‌లో 2010లో వచ్చిన ఐదో ఆట దాకా ఆగాల్సి వచ్చింది. ఇప్పటికీ అది నామమాత్రమే. నిజంగా ఉండాలని ఇంత తపనపడే ఆట, గుద్దుకోవడం దగ్గరికొచ్చేసరికి మొహం తిప్పుకుంటుంది.

ఆ మొహం తిప్పుకోవడం ఎంత దూరం పోతుందో చెప్పడానికి ఒక ఉదాహరణ. 2008లో సోనీ, నిస్సాన్ కలిసి జీటీ అకాడమీ అని పెట్టాయి. ఈ ఆటలో గెలిచినవాళ్ళను తీసుకెళ్ళి నిజమైన పందెం కారులో కూచోబెట్టడం. మొదటి విజేత స్పెయిన్ విద్యార్థి లూకాస్ ఒర్డోన్యెజ్. 2011లో లె మాన్ 24 గంటల పందెంలో అతని జట్టు తన తరగతిలో రెండో స్థానంలో నిలిచింది. సోఫాలో కూచుని నేర్చుకున్నది రోడ్డు మీద పనికొస్తుందా అని నవ్వినవాళ్ళకు అది జవాబు. అదే ఏడాది అకాడమీ గెలిచినవాడు పంతొమ్మిదేళ్ళ జాన్ మార్డెన్‌బరో. అతని కథే 2023లో గ్రాన్ టూరిస్మో పేరుతో సినిమాగా వచ్చింది. మనలో కొందరు చూసే ఉంటారు. అందులో జర్మనీలోని న్యూర్‌బర్గ్‌రింగ్‌లో అతని కారు గాల్లోకి లేచి కంచె దాటి పడుతుంది, చూడ్డానికొచ్చిన మనిషి ఒకరు చనిపోతారు. హీరో కుంగిపోతాడు, తేరుకుంటాడు, లె మాన్‌కు వెళ్ళి నిలబడతాడు. కానీ నిజంగా ఆ ప్రమాదం జరిగింది 2015 మార్చిలో. అతను లె మాన్‌లో సినిమాలో చూపించినట్టు పేరు తెచ్చుకున్నది 2013లో. అంటే తర్వాత జరిగిన చావును ముందుకు జరిపి, హీరో గెలుపుకు మెట్టుగా వేశారు.

కథలో ముందువెనకలు మార్చడం మనకు తెలియనిది కాదు, సినిమావాళ్ళకు ఆ స్వేచ్ఛ ఉందని కూడా తెలుసు. అయినా ఇది నాకు మింగుడుపడలేదు. పందెం చూద్దామని టిక్కెట్టు కొనుక్కుని, సాయంత్రానికి ఇంటికి వెళ్దామనుకుని వచ్చిన మనిషి అక్కడ పోయారు. ఆ మనిషి ఎవరి కథలోనూ మెట్టు కాదు. సినిమా చేసిన పని, మొదటి ఆటలో గోడ చేసిన పని ఒకటేననిపిస్తుంది. దెబ్బ తగిలింది, కారుకు ఏమీ కాలేదు, ముందుకు సాగిపోండి!

అదే న్యూర్‌బర్గ్‌రింగ్ ఆటలోనూ ఉంది, 2004 చివర జపాన్‌లో విడుదలైన నాలుగో ఆటనుంచి. ఇరవై కిలోమీటర్లు దాటిన చుట్టు, అడవిలో, డెబ్బైకి పైగా మలుపులు. ‘పచ్చని నరకం’ అని దానికి పేరు. 1976లో నికీ లాడా ఒళ్ళు కాలి చావు అంచుదాకా వెళ్ళొచ్చింది అక్కడే. ఎప్పుడూ జర్మనీ చూడని పిల్లలు దాన్ని ఎక్కాల్లా కంఠతా పట్టేశారు. ఏ చెట్టు దగ్గర బ్రేకు, ఏ గుట్ట తర్వాత కుడిపక్క, అన్నీ. కానీ ఆ దారిలో ఎదురొచ్చేవాళ్ళు లేరు. పూందమల్లి రోడ్డులో షేర్ ఆటో ఉన్నట్టుండి ఆగడం, బస్సు వెనకనుంచి స్కూలు పిల్ల పరిగెత్తుకు రావడం, సందులోంచి ఆవు తీరిగ్గా నడిచి రావడం ఏ ఆటలోనూ లేవు. కాబట్టి ఈ ఆట ఆడినవాళ్ళకు రోడ్డు మీద నడపడం వచ్చేస్తుందని నేననను. డ్రైవింగ్ స్కూలుకు వెళ్ళాల్సిందే. ఈ ఆట ఆడి అబ్బాయిలు రోడ్డు మీద దూకుడుగా పోతున్నారనే మాటకూ నేను పూర్తిగా తలూపలేను. ఇది ఇష్టంగా, ఓపిగ్గా ఆడినవాళ్ళకు కారు ఎప్పుడు మాట వినదో తెలుస్తుంది. బ్రేకు గుర్తుకే రాని ఆటలు ఆడేవాళ్ళ గురించైతే నాకూ భయమే.

ఖర్చు మాట దాచకూడదు. ప్లేస్టేషన్ 5 మన దేశంలో 2021లో విడుదలైనప్పుడు, డిస్కు వేసుకునే రకం ధర 49,990 రూపాయలు. ఆట ధర వేరు, టీవీ వేరు, స్టీరింగూ పెడల్సూ కావాలంటే అవి ఇంకా వేరు. మన హాస్టల్లో ఎన్ని నెలల మెస్ బిల్లో లెక్కేసుకోండి. గడియారం ఎవరినీ అడగదని నేను గొప్పగా రాశాను గానీ, ఆ గడియారం ఉన్న గదిలోకి వెళ్ళడానికే తలుపు దగ్గర టిక్కెట్టుంది. ఇంట్లో ఒక్క ప్లేస్టేషన్ కొంటే అది ఎవరి గదిలో ఉంటుందో మళ్ళీ చెప్పనక్కర్లేదు.

అందుకే ఈసారి కల్చరల్స్‌లో కంప్యూటర్ సైన్సు వాళ్ళు కారు రేసింగ్ పోటీ పెడదామన్నది నాకు చాలా నచ్చింది. కన్సోలు, స్టీరింగు అద్దెకు దొరుకుతాయట. ‘అమ్మాయిల కాలేజీలో ఎవరాడతారు, బయటి కాలేజీ అబ్బాయిల కోసమా’ అని మీటింగులో ఎవరో అన్నారని, ఆ మాటతో అది ఆగిపోయేలా ఉందని విన్నాను. ముగ్గుల పోటీకి ఎవరొస్తారని ఎవరూ అడగలేదు. అడగాలని కాదు, ముగ్గుల పోటీలో నేనూ ఉన్నాను. రెండింటికీ చెయ్యి అదిరితే గీత చెడుతుంది, రెండూ ఉండనివ్వండి అంటున్నాను.

పెడితే ఎలా పెట్టాలో కూడా నాకొక ఆలోచన ఉంది. పక్కపక్కన నలుగురిని ఉరికించే పందెం వద్దు. అందులో ఇదివరకు ఆడినవాళ్ళు కొత్తవాళ్ళను గుద్ది అవతల పడేస్తారు. అందరికీ ఒకే కారు, చిన్నదే, మాజ్డా రోడ్‌స్టర్ లాంటిది చాలు. ఒకే ట్రాకు, జపాన్‌లోని త్సుకుబా. చుట్టు రెండు కిలోమీటర్లు, నిమిషం పైచిలుకు పడుతుంది. ఒక్కొక్కరికి నేర్చుకోవడానికి పది చుట్టులు, లెక్కకు మూడు. గోడ తగిలిన చుట్టు లెక్కలోకి రాదు. నేర్చుకునే పది చుట్టులప్పుడు గదిలో ఆడే అమ్మాయి, స్కోరు రాసే అమ్మాయి తప్ప ఇంకెవరూ ఉండకూడదు. ఈ చివరి నియమం ఒక్కటి ఒప్పుకుంటే మిగతావి ఎలా మార్చినా నాకు అభ్యంతరం లేదు.

మన శాఖనుంచి ఇప్పటికి ఐదుగురం పేర్లు ఇచ్చాం. ఇంకో ఏడుగురు కలిస్తే పోటీ పెడతామని కంప్యూటర్ సైన్సు వాళ్ళన్నారు. శుక్రవారం లోపు ఈ గోడపత్రిక కింద వేలాడదీసిన కాగితం మీద పేరు రాయండి. పెన్ను దారంతో కట్టి ఉంది, దయచేసి పట్టుకెళ్ళకండి.

– బి.ఏ. తెలుగు, మూడవ సంవత్సరం విద్యార్థిని